కాదన్న తరువాత 56 ఏళ్లు: జిడ్డు కృష్ణమూర్తి జీవితం



ప్రతి ఏడాదీ మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితాన్ని పరిచయం చేయడం ఆనవాయితీ. మన సీనియర్లు బాబాసాహెబ్ అంబేద్కర్ గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గురించి, భాగ్యరెడ్డి వర్మ గురించి రాశారు. ఈసారి నన్ను రాయమన్నప్పుడు నేను జిడ్డు కృష్ణమూర్తి పేరు చెప్పాను. ఆయన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, దొరల మధ్య పెరిగినవాడు కదా, మన సంచికలో ఎందుకన్నా అని ఒక తమ్ముడు అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. అమ్మా నాన్నా కూలి పనికి వెళ్లేవారు. మా ఊళ్లో ఒక గురువు గారి పేరు మీద నడిచే భక్త సమాజం ఉంది. గురువారం భజన, పండక్కి అన్నదానం. నేను ఆరో తరగతిలో హాస్టల్లో చేరినప్పుడు ట్రంకు పెట్టె, రెండు జతల బట్టలు కొనిచ్చింది ఆ సమాజం పెద్దలే. ఆ మేలు నేను మరచిపోలేదు. డిగ్రీ రెండో ఏడు సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు, కొత్త భజన మందిరం కోసం కూలీనాలీ జనం దగ్గర వసూలు చేసిన డబ్బుకు లెక్క చూపించమని నలుగురిలో అడిగాను. లెక్క రాలేదు కానీ మాట వచ్చింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడినన్నారు. ఆ గురువారం నుంచి భజనలో మా అమ్మ పక్కన కూర్చునేవారు లేకుండా పోయారు. నేను ఆ సమాజం నుంచి బయటికి వచ్చేశాను. వచ్చాక ఏం చేయాలో మాత్రం నాకు తెలియలేదు.

కృష్ణమూర్తి నాకు అప్పటి దాకా ఒక మార్కు బిట్ మాత్రమే. ఆర్డర్ ఆఫ్ ది స్టార్ రద్దయిన సంవత్సరం ఏది? 1929. అశోక్‌నగర్ కోచింగ్ నోట్సులో అంతే ఉంటుంది. నారాయణగూడ నుంచి రోజూ నడిచి వెళ్లి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చదువుకునే రోజుల్లో, గ్రూప్స్ పుస్తకాల మధ్య విసుగు పుట్టి ఒక సాయంత్రం ఆయన జీవిత చరిత్ర తీశాను. తనను పెంచి, చదివించి, సింహాసనం మీద కూర్చోబెట్టిన సంస్థనే ఆయన కాదన్నారని అప్పుడు తెలిసింది. ఆ తరువాత ఇంకా 56 ఏళ్లు బతికారని కూడా తెలిసింది. కాదనడం ఒక్క రోజు పని. ఆ 56 ఏళ్లు ఎలా గడిచాయన్నదే నన్ను కూర్చోబెట్టి చదివించింది.

మదనపల్లె నుంచి అడయారుకు

కృష్ణమూర్తి 1895 మే నెలలో రాయలసీమలోని మదనపల్లెలో జన్మించారు. తల్లి సంజీవమ్మ, తండ్రి నారాయణయ్య. ఎనిమిదో సంతానం కనుక కృష్ణుని పేరు పెట్టారు. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వంలో రెవెన్యూ ఉద్యోగి, తహసీల్దారు స్థాయికి ఎదిగారు. ఆచారవంతమైన ఇల్లు. అయినా నారాయణయ్య 1882 నుంచే దివ్యజ్ఞాన సమాజంలో సభ్యులు.

దివ్యజ్ఞాన సమాజం గురించి రెండు మాటలు. మేడమ్ బ్లావట్‌స్కీ, కల్నల్ ఆల్కాట్ మొదలైనవారు 1875లో న్యూయార్క్‌లో దీన్ని స్థాపించారు. తరువాత దీని కేంద్రం మద్రాసు అడయారుకు వచ్చింది. అన్ని మతాల సారం ఒకటేనని, మానవులంతా సోదరులని వీరి సిద్ధాంతం. దళిత పిల్లల్ని బడి మెట్టు ఎక్కనివ్వని కాలంలో, 1894లో ఆల్కాట్ అడయారులో పంచముల కోసం ఉచిత పాఠశాల తెరిచారు. ఈ సంగతి మనం మరచిపోకూడదు. 1907లో సమాజానికి అధ్యక్షురాలైన అనీ బిసెంట్ హోమ్‌రూల్ ఉద్యమం నడిపి, 1917లో కాంగ్రెస్ అధ్యక్షురాలయ్యారు. కనుక కృష్ణమూర్తి కాదన్నది దొంగల ముఠాను కాదు. ఎంతో మంచి చేసిన సంస్థను. కష్టం కూడా అక్కడే ఉంది.

1905లో సంజీవమ్మ చనిపోయారు. కృష్ణమూర్తికి అప్పుడు పదేళ్లు. చిన్నప్పటి నుంచి మలేరియా పట్టి పీడించడంతో చదువు సరిగా సాగలేదు. ఎప్పుడూ ఏదో ఆలోచనలో ఉండే ఆ పిల్లవాణ్ణి పంతుళ్లు మొద్దు అనుకున్నారు. బడిలో దెబ్బలు తప్పేవి కావు. తండ్రి 1907 చివర ఉద్యోగ విరమణ చేశారు. వచ్చే పింఛనుతో నలుగురు కొడుకుల్ని పోషించలేక, తనకు అడయారులో ఏదైనా పని ఇప్పించమని అనీ బిసెంట్‌కు మళ్లీ మళ్లీ ఉత్తరాలు రాశారు. చివరికి 1909 జనవరిలో ఒక చిన్న పని దొరికింది. సమాజం ఆవరణ బయట ఒక పాడుపడ్డ ఇంట్లో కాపురం పెట్టారు.

జగద్గురువుగా పెంపకం

ఆ 1909లోనే అడయారు సముద్రపు ఒడ్డున ఆడుకుంటున్న కృష్ణమూర్తిని సమాజం పెద్దల్లో ఒకరైన లెడ్‌బీటర్ చూశారు. బక్కచిక్కి, మాసిన బట్టలతో ఉన్న ఆ పిల్లవాడి చుట్టూ స్వార్థం లేని ఒక కాంతి కనబడుతోందని ఆయన చెప్పారు. లోకాన్ని ఉద్ధరించడానికి జగద్గురువు మళ్లీ రాబోతున్నాడని సమాజం పెద్దలు అప్పటికే నమ్ముతున్నారు. ఆ జగద్గురువు ప్రవేశించబోయే దేహం ఈ పిల్లవాడిదేనని లెడ్‌బీటర్ తేల్చారు. బడిలో మొద్దు అనిపించుకున్నవాడు ఒక్కసారిగా లోక రక్షకుడయ్యాడు.

కృష్ణమూర్తినీ, తమ్ముడు నిత్యానందనూ సమాజం తన సంరక్షణలోకి తీసుకుంది. తిండి, స్నానం, వ్యాయామం, ఇంగ్లీషు, మర్యాదలు అన్నీ వేళ ప్రకారం నేర్పారు. 1910లో తండ్రి సంరక్షణ హక్కును బిసెంట్‌కు రాసిచ్చారు. 1911లో ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్ అనే సంస్థ పెట్టి, పదహారేళ్ల కృష్ణమూర్తిని దానికి అధిపతిని చేశారు. అదే ఏడు అన్నదమ్ములిద్దరినీ ఇంగ్లండ్ తీసుకువెళ్లారు.

తండ్రి మనసు మారింది. లెడ్‌బీటర్ మీద తీవ్రమైన ఆరోపణలు చేస్తూ, తన పిల్లల్ని తనకు ఇప్పించమని 1912లో దావా వేశారు. ఆయన తరపున వాదించింది సి.పి. రామస్వామి అయ్యర్. ఆ ఆరోపణలను కోర్టు నిజమని ఒప్పుకోకపోయినా, 1913లో పిల్లల్ని తండ్రికి అప్పగించమని తీర్పు చెప్పింది. బిసెంట్ ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లారు. 1914లో అక్కడ ఆమె గెలిచారు. పిల్లల ఇష్టం అడగలేదన్నది ఆ తీర్పులో ముఖ్యమైన మాట. లా చదివే మిత్రులు ఈ కేసు చూసే ఉంటారు. ఉద్యోగం కోసం ఉత్తరాలు రాసి అడయారు చేరిన తండ్రి, ఆ ఉద్యోగంతో పాటు కొడుకులనే పోగొట్టుకున్నారు. ఆయన 1924లో మరణించారు.

ఇంగ్లండ్‌లో కృష్ణమూర్తికి అన్నీ ఉన్నాయి. మిస్ డాడ్జ్ అనే ధనిక మహిళ ఆయనకు జీవితాంతం ఏడాదికి 500 పౌండ్లు వచ్చేలా ఏర్పాటు చేశారు. న్యూఢిల్లీ భవనాలకు రూపకల్పన చేసిన ల్యుటెన్స్ భార్య లేడీ ఎమిలీ ఆయనను కన్నకొడుకులా చూసుకున్నారు. కానీ చదువు అబ్బలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో సీటు ఇవ్వలేదు. లండన్ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష పలుమార్లు రాసి తప్పారు. తమ్ముడు నిత్య మాత్రం లా పూర్తి చేశాడు. బ్యాక్‌లాగ్‌లతో బాధపడే మన తమ్ముళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. లోకమంతా జగద్గురువని మొక్కుతున్న మనిషి మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు.

నిత్య మరణం

నిత్యకు క్షయ సోకింది. పొడి గాలి మంచిదని 1922లో అన్నదమ్ములు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఓహై లోయకు వెళ్లారు. అక్కడ పైన్ కాటేజ్ అనే చిన్న ఇంట్లో ఉన్నారు. తల్లి లేని ఆ ఇద్దరికీ ఒకరికొకరే తోడు. ఇంతమంది భక్తుల మధ్య కృష్ణమూర్తిని జగద్గురువుగా కాక అన్నగా చూసింది నిత్య ఒక్కడే.

నిత్య ప్రాణానికి భయం లేదని సమాజం పెద్దలు నమ్మించారు. జగద్గురువు పనికి నిత్య అవసరం కనుక హిమాలయాల్లోని మహాత్ములు అతణ్ణి కాపాడతారని వారి నమ్మకం. కృష్ణమూర్తి కూడా దాన్ని పూర్తిగా నమ్మారు. 1925లో సమాజం స్వర్ణోత్సవానికి అడయారు రావలసి వచ్చినప్పుడు, ఆ ధైర్యంతోనే జబ్బుతో ఉన్న తమ్ముణ్ణి ఓహైలో వదిలి ఓడ ఎక్కారు. ఓడ సూయజ్ దగ్గర ఉండగా తంతి అందింది. 1925 నవంబరు 13న నిత్య మరణించాడు. వయసు 27 ఏళ్లు.

ఆయన కొన్ని రోజులు ఓడ గదిలోనే ఏడుస్తూ ఉండిపోయారని వెంట ఉన్నవారు రాశారు. తమ్ముడితో పాటు ఆయన నమ్మకం కూడా పోయింది. అయితే ఆయన ఆ మర్నాడే సమాజాన్ని విడిచిపెట్టలేదు. ఇంకా దాదాపు నాలుగేళ్లు పట్టింది. ప్రసంగాల్లో మెల్లమెల్లగా మాట మారింది. మహాత్ముల ప్రస్తావన తగ్గింది. ఎవరినీ అనుసరించవద్దనడం మొదలైంది. మరోవైపు 1927లో అనీ బిసెంట్ జగద్గురువు వచ్చేశాడని లోకానికి ప్రకటించారు. ఆమె నమ్మకం పెరుగుతున్నకొద్దీ ఆయన దూరం జరుగుతూ వచ్చారు.

1929 ఆగస్టు 3

హాలండ్‌లోని ఓమెన్‌లో ప్రతి వేసవిలో నక్షత్ర సంఘం సభ్యుల శిబిరం జరిగేది. అక్కడ బారన్ వాన్ పల్లాండ్ట్ అనే జమీందారు ఈర్డె కోటనూ, 5,000 ఎకరాల భూమినీ సంఘానికి సమర్పించాడు. ఎన్నో దేశాల్లో వేలాది సభ్యులు, ఆస్తులు, పత్రికలు. ఇదంతా ఒక్క మనిషి పేరు మీద నడుస్తోంది. ఆ మనిషికి 34 ఏళ్లు.

1929 ఆగస్టు 3 ఉదయం మూడు వేల మందికి పైగా సభ్యుల ముందు కృష్ణమూర్తి లేచి, ఆ సంఘాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. 81 ఏళ్ల అనీ బిసెంట్ అక్కడే కూర్చుని వింటున్నారు. రేడియోలో కూడా ఆ ప్రసంగం ప్రసారమైంది. సత్యాన్ని ఏ సంస్థా, ఏ మతమూ, ఏ గురువూ చేతికి అందించలేరని, తనకు శిష్యులు వద్దని, మనుషులు అన్ని భయాల నుంచీ బయటపడటమే తనకు కావలసిందని ఆయన చెప్పిన సారాంశం. తాను జగద్గురువును కానని వాదించడానికి ఆయన సమయం వెచ్చించలేదు. ఎవరినీ పేరు పెట్టి నిందించలేదు. 1930లో దివ్యజ్ఞాన సమాజానికి కూడా రాజీనామా చేశారు.

ఒక్కసారి ఆ స్థానంలో మనల్ని మనం ఊహించుకుందాం. పద్నాలుగో ఏట నుంచి తిన్న తిండి, కట్టిన బట్ట, ఎక్కిన ఓడ అన్నీ ఆ సంస్థవే. తన ఎదుట కూర్చున్న ముసలి తల్లి తన కోసం కోర్టుల చుట్టూ తిరిగింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడని అనడానికి ఇంతకన్నా పెద్ద సందర్భం ఎవరి జీవితంలో ఉంటుంది?

ఆ తరువాత

ముందుగా, తనది కాని ఆస్తిని తిరిగి ఇచ్చేశారు. కోట, భూములు మళ్లీ బారన్‌కు చేరాయి. సంఘానికి వచ్చిన విరాళాలు ఇచ్చినవారికి వెళ్లాయి. అలాగని ఆయన రోడ్డున పడలేదు. మిస్ డాడ్జ్ ఏర్పాటు చేసిన 500 పౌండ్లు ఉన్నాయి. ఓహైలో ఇల్లుంది. ఆదరించే స్నేహితులున్నారు. మనలాంటి వారికి ఈ వెసులుబాటు ఉండదు. ఈ తేడాను దాచిపెట్టి ఆయన్ను పొగడటం నాకిష్టం లేదు.

రెండోది మనుషుల సంగతి. జగద్గురువు రాక దారి తప్పిందని లెడ్‌బీటర్ అభిప్రాయపడ్డారు. పాత మిత్రులు చాలామంది దూరమయ్యారు. లేడీ ఎమిలీ బాధ మరీ ఎక్కువ. భర్తనూ పిల్లలనూ కూడా పక్కనపెట్టి 18 ఏళ్లు ఆ నమ్మకం కోసం తిరిగిన మనిషి ఆమె. ఇప్పుడు నమ్మినవాడే వద్దంటే ఏం కావాలి? ఆ అనుభవాన్ని ఆమె 1957లో పుస్తకంగా రాశారు. కానీ ఆయనతో అనుబంధం మాత్రం తెంచుకోలేదు.

అనీ బిసెంట్ విషయంలో కృష్ణమూర్తి ప్రవర్తన మనం నేర్చుకోవలసింది. ఆమె సిద్ధాంతాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఆమె మీద ప్రేమను వదులుకోలేదు. ఆమె కూడా అంతే. 1933లో జ్ఞాపకశక్తి తగ్గి మంచాన ఉన్న ఆమెను ఆయన అడయారు వెళ్లి చూశారు. అదే చివరి చూపు. ఆ సెప్టెంబరు 20న ఆమె కన్నుమూశారు. తరువాత వచ్చిన నాయకత్వంలో ఆ ఆవరణలో ఆయనకు చోటు లేకపోయింది. నదికి ఇటువైపు వసంత విహార్ అనే ఇంటిని తన మద్రాసు నివాసం చేసుకున్నారు. అటు ఒడ్డున తాను పెరిగిన తోట. 47 ఏళ్లు ఆ గేటు దాటలేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయన ఓహైలోనే ఉండిపోయారు. యుద్ధం ఎవరు చేసినా తప్పేనన్న మనిషి మాట అప్పుడు ఎవరికీ రుచించలేదు. 1940 నుంచి 1944 దాకా బహిరంగ ప్రసంగాలు లేవు. ఆవుకు పాలు పితుకుతూ, కూరగాయలు పండిస్తూ గడిపారు. వేలాదిమంది నక్షత్ర సభ్యులు గుడారాలు వేసుకున్న ఓమెన్ శిబిరం నాజీల ఆక్రమణలో ఎరికా అనే ఖైదీల శిబిరంగా మారింది. పవిత్ర స్థలమని మనం చెప్పుకునేవన్నీ మట్టీ చెట్లే. అక్కడ ఎవరు ఏం చేస్తారన్న దాన్ని బట్టే ఆ చోటికి పేరు.

1947లో స్వతంత్ర భారతానికి వచ్చారు. అప్పటి నుంచి జీవితాంతం ఇండియా, ఇంగ్లండ్, స్విట్జర్లాండ్, అమెరికా తిరుగుతూ ప్రసంగించారు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ, కాశీలోని రాజ్‌ఘాట్ బళ్లకు తరచూ వచ్చి పిల్లలతో మాట్లాడేవారు. భయపెట్టి చదువు చెప్పకూడదని, ఒకరితో ఒకరిని పోల్చి కించపరచకూడదని ఆ బళ్ల పద్ధతి. దెబ్బలు తిన్న మొద్దు పిల్లవాడు పెద్దయ్యాక చెప్పిన మాటగా నేను దాన్ని చూస్తాను. అవి ఎక్కువగా కలిగినవారి పిల్లలు చదివే బళ్లే. అయితే పల్లెల్లో ఒకే గదిలో ఒకే పంతులు పలు తరగతులు నడపడానికి రిషి వ్యాలీలో తయారైన కార్డుల పద్ధతి ఎన్నో ప్రభుత్వ బళ్లకు చేరింది.

ఆయన చిన్ననాటి తెలుగు మాత్రం నిలవలేదు. ప్రసంగాలన్నీ ఇంగ్లీషులోనే. కన్నవారి నుంచి విడదీసి పెంచినందుకు చెల్లించిన మూల్యంలో అది కూడా ఒకటి.

సంస్థ మళ్లీ వెంటపడింది

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. సంస్థలు వద్దన్న మనిషికి కూడా సంస్థ తప్పలేదు. ప్రసంగాల ఏర్పాట్లు, పుస్తకాలు, డబ్బు చూడటానికి ఎవరో ఒకరు కావాలి. పాత మిత్రుడు రాజగోపాల్ ఆ పని తలకెత్తుకున్నారు. 1946లో కృష్ణమూర్తి రైటింగ్స్ అనే సంస్థ ఏర్పడింది. కృష్ణమూర్తి లెక్కలు చూసుకోలేదు. తన రచనల హక్కులు కూడా ఆ సంస్థకే రాసిచ్చారు. చివరికి ఆ డబ్బు, ఆస్తుల విషయంలో ఇద్దరికీ చెడింది. 1968లో కృష్ణమూర్తి ఆ సంస్థతో తెగతెంపులు చేసుకుని కొత్త ఫౌండేషన్ పెట్టవలసి వచ్చింది. వ్యవహారం కోర్టుకెక్కింది. 1974లో రాజీ కుదిరినా తగాదా పూర్తిగా తీరలేదు. బాల్యంలో ఆయన గురించి పెద్దలు కోర్టుకెక్కారు, ముసలితనంలో ఆయనే కోర్టుకెక్కారు.

ఆయన వ్యక్తిగత జీవితం మీద కూడా విమర్శ ఉంది. రాజగోపాల్ భార్య రోజలిండ్‌తో ఆయనకు చాలా ఏళ్లు రహస్య సంబంధం ఉండేదని, వారి కుమార్తె రాధ 1991లో ఒక పుస్తకం రాశారు. ఆయన ఫౌండేషన్ వారు, మిత్రులు దానికి తమ సమాధానం తాము చెప్పారు. నేను తీర్పు చెప్పను. కానీ బయటికి వచ్చినంత మాత్రాన మనిషి మచ్చలేనివాడైపోడు. సంస్థను లెక్క అడిగినవాడు తన లెక్క కూడా చూసుకోవాలి.

తిరిగి ఆ ఒడ్డుకు

1980లో రాధా బర్నియర్ దివ్యజ్ఞాన సమాజానికి అధ్యక్షురాలయ్యారు. ఆమె ఆహ్వానం మీద ఆ ఏడు నవంబరులో 85 ఏళ్ల కృష్ణమూర్తి మళ్లీ అడయారు గేటు దాటారు. తోటల మధ్య నడుచుకుంటూ సముద్రపు ఒడ్డుకు వెళ్లారు. 1909లో లెడ్‌బీటర్ కంటపడ్డ ఒడ్డు అదే. తరువాత మద్రాసు వచ్చినప్పుడల్లా సాయంత్రాలు ఆ ఒడ్డున నడవడం అలవాటు చేసుకున్నారు. ఆయన మళ్లీ సభ్యుడు కాలేదు. వారూ ఆయనను క్షమాపణ అడగమనలేదు.

1985లో ఐక్యరాజ్య సమితిలో ప్రసంగించారు. 1986 జనవరి 4న మద్రాసు వసంత విహార్‌లో చివరి ప్రసంగం చేశారు. క్లోమ గ్రంథి క్యాన్సర్‌తో 1986 ఫిబ్రవరి 17న ఓహైలో కన్నుమూశారు. 1922లో తమ్ముడితో కలిసి దిగిన ఆ పైన్ కాటేజ్‌లోనే. వారసుణ్ణి ప్రకటించలేదు. తన మాటకు అర్థం చెప్పే అధికారం ఎవరికీ లేదని స్పష్టం చేసి వెళ్లారు.

మనకు ఆయన ఏమవుతారు

మొదట తమ్ముడు అడిగిన ప్రశ్నకు వస్తాను. కృష్ణమూర్తి ఒంటరిగా నిలబడమన్నారు. మన జీవితాలకు అదొక్కటే సరిపోదు. ఊరి చివర ఉన్నవాణ్ణి ఊరు ముందే ఒంటరిని చేసింది. అందుకే అంబేద్కర్ 1935లో ఇయోలాలో హిందువుగా చావనని ప్రకటించి, 21 ఏళ్లు ఆలోచించి, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాదిమందిని వెంటబెట్టుకుని బౌద్ధంలోకి నడిచారు. ఆయనకు సంఘం కావాలి, ఎందుకంటే ఆయన జనానికి బలం సంఘంలోనే ఉంది. మనం ఈ హాస్టల్లో ఒకే పళ్లెం అన్నం తిని పెరిగినవాళ్లం. సంఘం విలువ మనకు తెలుసు. ఈ విషయంలో నేను బాబాసాహెబ్ వైపే.

అయినా కృష్ణమూర్తి దగ్గర తీసుకోవలసింది ఉంది. పెంచినవాళ్లకు కృతజ్ఞత చూపడం వేరు, వాళ్లు చెప్పిందల్లా నిజమని ఒప్పుకోవడం వేరు. ఆయన మొదటిది జీవితాంతం నిలుపుకున్నారు, రెండోది వదిలేశారు. తనది కానిది వెనక్కిచ్చారు. తిట్టలేదు. పాత గురువు స్థానంలో కొత్త గురువుగా కూర్చోలేదు. ఇవన్నీ ఒక్క రోజులో తేలేవి కావు. బయటికి వచ్చిన మనిషి ఎలాంటివాడో తెలియడానికి ఆ తరువాతి ఏళ్లే సాక్ష్యం.

ఈ దసరాకు ఊరికి వెళ్లినప్పుడు, నాకు ట్రంకు పెట్టె కొనిచ్చిన పెద్దాయన ఇంటికి వెళ్లాను. గేటు దగ్గర కాళ్లు కొంచెం ఆడలేదు. ఆయన లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. అరుగు మీద కాసేపు కూర్చున్నాను. ఏం చదువుతున్నావని అడిగారు. చెప్పాను. మందిరం లెక్క ఆయన ఎత్తలేదు. నేను అడిగిన ప్రశ్నను నేనూ వెనక్కి తీసుకోలేదు. లేచి వస్తుంటే పెట్టె ఇంకా ఉందా అన్నారు. ఉంది. మన హాస్టల్లో నా మంచం కింద ఇప్పటికీ అదే ఉంది.

అమ్మ పక్కన ఇంకా ఎవరూ కూర్చోవడం లేదు. అమ్మ మాత్రం భజనకు వెళ్తూనే ఉంది. వద్దని నేను అనలేదు. అది ఆమె ఇష్టం.

తమ్ముళ్లారా, ఏ సంస్థలో ఉన్నా, అది గుడి కానీ, చర్చి కానీ, పార్టీ కానీ, విద్యార్థి సంఘం కానీ, ప్రశ్న అడగవలసి వస్తే అడగండి. అడిగిన తరువాత ఎలా బతకాలో కూడా ఆలోచించుకోండి. మన హాస్టల్ మరెందరో మొదటి పట్టభద్రులను తయారు చేయాలని కోరుకుంటూ, వార్షికోత్సవ శుభాకాంక్షలతో సెలవు.